తొంభై దగ్గర

రొయ్యల కోల్డ్ స్టోరేజీలో
మైనస్ పద్దెనిమిదికి కాపలా నా ఉద్యోగం.
రెండు డిగ్రీలు జారితే చాలు
ఏ అర్ధరాత్రైనా ఫోను మోగుతుంది.
అలాంటి నేను
మరిగిపోయే కారును కొన్నాను.

బదిలీ మీద కొచ్చి వెళ్తున్న నేవీ ఆయన
సగం ధరకే తాళాలు చేతిలో పెడుతూ
"ఎండాకాలం కొంచెం చూసుకోండి" అన్నాడు.
ఆ 'కొంచెం' దగ్గర నేను ఆగాల్సింది.
అప్పటికే నా అరచెయ్యి
ఎర్ర బానెట్ మీద ఉంది.

మొదటి ఆదివారం, యారాడ ఘాటీ.
రెండో మలుపులో
వెనకనుంచి ఎవరో నెట్టినట్టు రావాల్సిన ఊపు
వచ్చినట్టే వచ్చి
ముక్కు దాకా వచ్చిన తుమ్ములా ఆగిపోయింది.
ఎక్కడో సన్నటి ఈల.
సూది తొంభై దాటి, నూటపది దాటి
ఎర్ర గీతను ముట్టుకుంది.
కింద అంత సముద్రం పెట్టుకుని
రెండు సీసాల నీళ్ల కోసం
సిటీ బస్సును ఆపాను.

రేడియేటర్ మూత మార్చాను.
థర్మోస్టాట్ మార్చాను.
గులాబీ రంగు కూలెంట్ పోశాను.
అమ్మ మాట కాదనలేక
బంపరుకి నిమ్మకాయలూ కట్టాను.
సూది అన్నిటినీ మర్యాదగా విని
మళ్ళీ ఎరుపులోకే పోయింది.

ఆటోనగర్‌లో
విప్పి పడేసిన లారీ రేడియేటర్ల వెనక
సింహాద్రప్పడి షెడ్డు.
నా బిల్లుల కట్ట వైపు చూడను కూడా లేదు.
"ఏటి మార్సినావో సెప్పకు బాబూ
ఏటి సూసినావో సెప్పు."

చూసిందేమీ లేదు.

అతని మేనకోడలు నూకరత్నం
పీవీసీ మూతకి టైరు వాల్వు అతికించి
టర్బో నోట్లో బిగించి
కంప్రెసర్ గాలి పట్టింది.
పక్క షెడ్డులో సుత్తి ఆపమని కేకేసింది.
మగ్గుతో సబ్బునీళ్లు చల్లుకుంటూ
గొట్టం వెంట గొట్టం, మెల్లగా.
ఇంటర్‌కూలర్ కింద, మోచేతి వంపులో
కన్ను పడని చోట
బుడగలు.
తుడిచి చూస్తే
మూడు వరసల నల్ల టేపు.
నేవీ ఆయన 'కొంచెం' ఇదే కాబోలు.

"ఈ ఊరి గాలికి ఇనుమొక్కటే కాదు బాబూ,
రబ్బరూ ముసల్ది అయిపోద్ది."

ఈల తగ్గింది. వేడి తగ్గలేదు.

సింహాద్రప్పడు పై గొట్టం ముట్టుకుని
చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
కింది గొట్టం ముట్టుకుని
చెయ్యి అక్కడే ఉంచాడు.
"నీళ్లున్నాయి. నడవట్లేదు."

సాయంత్రానికి పంపు బయటికొచ్చింది.
పళ్ల చక్రం తిరుగుతోంది.
ఇరుసు తిరుగుతోంది.
చివరున్న ప్లాస్టిక్ రెక్కలు మాత్రం
నడుము దగ్గర పగిలి
ఇరుసు మీద వదులుగా కూర్చుని
తమకేమీ పట్టనట్టు.
ఇన్నాళ్లూ ఆ తిరుగుడు చూసే
అందరూ పంపు బాగుందన్నారు.

నూకరత్నం వేలితో తిప్పి నవ్వింది.
"మన వార్డు ఆఫీసు లాగుంది మావా."
నాకూ నా గురించి ఏదో తోచబోయింది గానీ
టార్చి పట్టుకోమన్నారు.

ఇనుప రెక్కల పంపు
చెన్నై నుంచి రావడానికి తొమ్మిది రోజులు.
పదో రోజు గాలి బుడగలన్నీ పోయేదాకా
ఇంజను నడుపుతూ, మూత దగ్గర కాపలా కాస్తూ
ముగ్గురం టీ తాగాం.
నిమ్మకాయలు ఎండిపోయి ఉన్నాయి.
ఎవరం విప్పలేదు.

ఆ వారమే
రాత్రి రెండింటికి ఫోను.
మైనస్ పదిహేను అంటున్నారు.
మల్కాపురం నుంచి ఫిషింగ్ హార్బర్ దాకా
బొగ్గు ధూళి కమ్మిన ఖాళీ రోడ్డు.
కాన్వెంట్ జంక్షన్ దాటాక కాలు నొక్కితే
ఊపు వచ్చింది,
వీపును సీటుకి ఆనించి మరీ.
సూది తొంభై దగ్గర
గోడకి కొట్టిన మేకులా.
దానివైపే చూస్తూ
ఒక స్పీడ్ బ్రేకరు చూసుకోలేదు.

చల్లటి గది ముందు కొత్త కుర్రాడు
చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.
"కంప్రెసర్ మార్చాలి సార్.
గ్యాసు కూడా మార్చాలి."

స్వెట్టరు తొడుక్కుంటూ
ఏటి సూసినావో సెప్పు, అన్నాను.